తరగతి వెలుపలి చదువు

చదువు చెడునని పిల్లలను పద్యపఠన, వక్తృత్వ పోటీలకు పంపుటకు కొందఱు తల్లులు జంకుచున్నారు; ఆడుపిల్లల విషయమున ఆ జంకు రెట్టింపు. మా చీపురుపల్లిలో బాల్యమునఁ జదువుకొన్న గురజాడ అప్పారావుగారిని జూడుఁడు. విజయనగరమున విద్యార్థిగా నుండఁగనే, 1883లో, వారి ఆంగ్లకావ్యము ‘సారంగధర’ పత్రికలో వెలువడెను. అది పరీక్షకై వ్రాసినది కాదు. దానివలన చదువును చెడలేదు, 1886లో పట్టభద్రులైరి.

1892లో వారి ‘కన్యాశుల్కము’ విజయనగరమునఁ బ్రదర్శింపఁబడెను. స్త్రీ వేషములను మగవారే కట్టు కాలమది. ఆడుపిల్లల గోడు చెప్పు నాటకమున ఆడుపిల్ల గొంతుకే తావు లేదు! నేఁడు బడి వేదికపై ఆ తావున్నది. ఇంటిపని నెపమున మనమే దానిని మూయరాదు. సాయంకాలము కొంతసేపు పద్యము అప్పగించుకొని తప్పులు దిద్దుఁడని మేము కోరుచున్నాము. బహుమతి రాకున్నను నలుగురిలో నిలిచి మాటాడు ధైర్యము బిడ్డకు దక్కును.