పుంజును ఎవరి చేతిలో పెట్టాలి?

జాతరలోనో, అంగడి రోజునో, బడి గేటు ముందో గంపలో కిచకిచలాడే రంగురంగుల కోడిపిల్లల్ని చూస్తే పిల్లల కాళ్ళు ముందుకు సాగవు. కొద్ది డబ్బులతో తీరిపోయే ముచ్చట కదా అని మనమూ కొనిచ్చేస్తాం. అయితే ఆ గంపలో ఉండేవి ఎక్కువగా మగపిల్లలేనని మీకు తెలుసా? గుడ్ల కోసం పెంచే జాతిలో మగపిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికీ త్వరగా ఎదగదు. అందుకే పిల్లల్ని పొదిగించే కేంద్రాల్లో పెట్టల్ని ఏరుకుని వీటిని పక్కన పెట్టేస్తారు. చాలా దేశాల్లో పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022 నుంచి దీన్ని నిషేధించింది. మన దగ్గర కొన్ని రంగు పూసుకుని ఇలా గంపల్లోకి వస్తాయి.

అంటే, ముచ్చటపడి తెచ్చుకున్న పిల్ల బతికి బట్టకడితే నాలుగైదు నెలలకు మనింట్లో ఓ పుంజు తయారవుతుందన్నమాట!

దేవరకొండలో మా ఇంట్లో జరిగింది అదే. మా తమ్ముడు మేనకోడలికి కొనిచ్చిన గులాబిరంగు పిల్ల, ఈకలు మారేసరికి తెల్లటి పుంజయింది. పేరు మాత్రం 'గులాబి'గానే మిగిలిపోయింది. తెల్లవారుజామున మూడున్నరకే కూత మొదలు. గంప కప్పినా, గోనెపట్టా వేసినా ఆగేది కాదు. ఆగదు కూడా. పుంజు కూతకు వెలుతురుతో పని లేదనీ, దాని ఒంట్లోనే ఓ గడియారం ఉందనీ జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2013లోనే తేల్చారు. పక్క వాటాలో పరీక్షలకు చదివే పిల్లలున్నారు. చివరికి ఇంటి ఓనరమ్మ వచ్చి, "అక్కా, పుంజునన్న పంపుండ్రి, లేకుంటే ఇల్లన్న చూస్కోండ్రి" అనేసింది. ఆమెను మాత్రం ఏమనగలం?

ఊరికే ఇస్తామంటే...

పుంజును ఇచ్చేస్తామన్న మాట బయటికి పొక్కగానే నలుగురొచ్చారు. ఒకామెకు మైసమ్మ మొక్కు ఉందట. ఒకాయన "ఆదివారం పొద్దుగాల్నే వచ్చి తీస్కపోత" అన్నాడు. ఒక కుర్రాడు దాని కాళ్ళూ, కాళ్ళ ముళ్ళూ తడిమి తడిమి చూశాడు. "ఖిల్లా గుట్ట కింద ఇడిసిపెట్టు, అదే బతుకుతది" అని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో పెరిగిన పుంజు అక్కడ కుక్కల పాలవ్వడానికి ఒక్క రాత్రి చాలు.

వీళ్ళెవరినీ నేను తప్పుపట్టను. మేమూ కోడికూర తినేవాళ్ళమే. కానీ దానికి పేరు పెట్టి, అరచేతిలో నూకలు తినిపించిన పిల్ల నా కొంగు పట్టుకుని "అమ్మా, వాళ్ళకిస్తే కోస్తరా?" అని అడిగింది. 'తోటకు పోయిందిలే' అని చెప్పి కూరకు ఇచ్చేస్తే ఆ అబద్ధం ఎన్నాళ్ళు దాగుతుంది? రేపు నేను చెప్పే ఏ మాటను అది నమ్ముతుంది?

పందెం సంగతి వేరే చెప్పాలా! 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో పుంజు కాలికి కట్టిన కత్తి తగిలి దాని యజమానే చనిపోయాడు. ఆ పుంజును పోలీస్ స్టేషన్‌లో ఉంచి, తర్వాత కోళ్ళఫారానికి పంపారు. 2024 సంక్రాంతి ముందు ఆర్టీసీ బస్సులో ఎవరో వదిలేసిన పందెం పుంజు కరీంనగర్ డిపోకు చేరితే, వేలం వేస్తామని ప్రకటించారు. ఆ వార్త ఊరూరా పాకింది. చివరికి వేలం ఆపి జంతు సంరక్షణ సంస్థ వాళ్ళకు అప్పగించారు. కోళ్ళను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఆకలిదప్పులతో అలమటించేలా వదిలేయడమూ నేరమే.

పుంజు అవసరమున్న ఇల్లు

అందుకే 'ఎవరు తీసుకుంటారు' అని కాదు, 'పుంజు అవసరం ఎవరికుంది' అని వెతకడం మొదలుపెట్టాను. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. రెండు పుంజులుంటే పోట్లాటే. కాబట్టి పెట్టలుండి పుంజు లేని ఇల్లు కావాలి. పాలు పోసే అవ్వను, పశువుల దవాఖానలో పనిచేసే అతన్ని, కూరగాయలమ్మే ఆమెను అడిగాను. వారం తిరక్కుండానే కొండమల్లేపల్లి వైపు బత్తాయి తోటలో కాపురముండే ఒక రిటైర్డు టీచరమ్మ సంగతి తెలిసింది. చెట్ల కింద చెదలూ పురుగులూ ఏరుకుతినే పెట్టలు తొమ్మిదున్నాయామెకు. పుంజును కుక్క ఎత్తుకుపోయింది. గద్దను చూసి ముందుగా అరిచి హెచ్చరించేది పుంజే గనుక ఆమెకు దాని లోటు తెలుస్తోంది.

గులాబిని చూసి, "ఇది గుడ్ల జాతి. దీని పిల్లలు సరిగ పొదగవు. అయినా నాకు గుడ్లే గావాలె, పర్వాలేదు. కొయ్యను, అమ్మను. కానీ కుక్కకో ముంగిసకో చిక్కితే మాత్రం నన్నడగొద్దు" అంది. అన్నిటికీ తలూపే వాళ్ళకన్నా ఆ చివరి మాట చెప్పిన మనిషి మీదే నాకు నమ్మకం కుదిరింది. ధరకు బదులు డజను గుడ్లు తీసుకున్నాను. వద్దనుకున్న రోజు మాకే తిరిగివ్వాలనీ, పాప అప్పుడప్పుడు వచ్చి చూస్తుందనీ ముందే మాట్లాడుకున్నాం.

మీకూ ఈ అవసరం పడితే ఇవి గుర్తుంచుకోండి:

• ఊరికే ఇవ్వకండి. కొంతైనా ధర పెట్టండి. ఊరికే వచ్చినదానికి విలువుండదు.

• ఆ ఇంటికి వెళ్ళి చూడండి. పెట్టలెన్ని, రాత్రి గూటికి తలుపుందా, నీళ్ళెక్కడ పెడతారో గమనించండి.

• కొక్కెర తెగులు టీకా వేయించి పంపండి. కొత్త కోడిని రెండు మూడు వారాలు విడిగా ఉంచమనండి.

• మందలో కలిపేది చీకటిపడ్డాక, కోళ్ళు గూట్లో సర్దుకున్న వేళ అయితే కుమ్ములాట తక్కువ.

• పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. ఎక్కడ ఉంటుందో వాళ్ళ కళ్ళతో చూడనివ్వండి.

కుక్కనూ పిల్లినీ నోరులేని జీవాలంటాం. పుంజుకు నోరుంది, అదే దాని కొంప ముంచుతోంది. వచ్చే జాతరలో గంప ముందు మీ పాప ఆగిపోతే, ఐదారు నెలల తర్వాత ఆ పిల్ల ఎక్కడుంటుందో ముందు మీరే ఒక్క క్షణం ఆలోచించండి. జవాబు దొరికితేనే పర్సు తీయండి. ఏమంటారు?