దొంగ ఉత్తరం వచ్చిందా? చెరిపేసి ఊరుకోకండి!

అర్ధరాత్రి వీధిలో దొంగ కంటపడితే ఏం చేస్తాం? మన గడప దాటి పోయాడు కదా అని దుప్పటి ముసుగుపెట్టి పడుకోం. కేక వేస్తాం. ఆ కేకకు నాలుగు వీధులూ లేస్తాయి. ఈ-మెయిల్‌లో వచ్చే దొంగ ఉత్తరాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం చాలామంది ముసుగుపెట్టే పడుకుంటున్నారు. చెరిపేసి ఊరుకుంటున్నారు.

'నాకు మెయిల్‌తో పనేమిటి?' అనుకునే రైతు కూడా ఒకసారి తన ఫోను చూసుకోవాలి. ఫోను కొన్ననాడే కొడుకో, దుకాణదారో అందులో జీమెయిల్ ఖాతా తెరిచి ఉంటారు. పిల్లల కాలేజీ ఫీజు రశీదు, బ్యాంకు లెక్క, బీమా కాగితం ఆ పెట్టెకే వస్తుంటాయి. ఈ సంగతి దొంగలకూ తెలుసు. 'పీఎం కిసాన్ డబ్బు ఆగిపోయింది, ఈ లింకు నొక్కండి' అంటారు. 'మీ ఖాతా ఈ రాత్రికి మూసేస్తున్నాం' అంటారు. తొందరపెట్టడమే వాళ్ల విద్య.

ఈ బెడద పాతదే

ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు ఉత్తరం పంపే పద్ధతిని 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు కనిపెట్టారు. ఏడేళ్లు తిరక్కుండానే, 1978 మేలో, ఒక కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి దాదాపు 400 మందికి వాళ్లు అడగకుండానే అమ్మకాల ప్రకటన పంపాడు. చెత్త ఉత్తరాలకు అదే నాంది. వీటికి 'స్పామ్' అన్న పేరు తరువాత వచ్చింది. అది డబ్బాల్లో అమ్మే ఒక మాంసం పేరు. 1970లో బ్రిటిష్ టీవీ హాస్య నాటికలో ఆ ఒక్క మాటే పదేపదే అరిచి మిగతా మాటలు వినపడకుండా చేశారు. ఆ పేరే వీటికి అతుక్కుపోయింది.

ఒక్క నొక్కు చాలు

అనుమానం కలిగిన ఉత్తరంలోని లింకు నొక్కకండి, జవాబు రాయకండి. జీమెయిల్‌లో పైన కుడిపక్క మూడు చుక్కలు ఉంటాయి. వాటిని నొక్కితే 'రిపోర్ట్ స్పామ్' అన్న మాట కనిపిస్తుంది. అదే మన కేక. ఉత్తరం స్పామ్ అరలోకి పోతుంది. దాని నకలు కంపెనీకి చేరుతుంది. అలాంటివే మరొకరి ఇంటికి వెళ్లేటప్పుడు గుర్తుపట్టి ఆపడానికి అది పనికొస్తుంది. పొరపాటున మంచి ఉత్తరాన్ని నొక్కితే కంగారు లేదు. స్పామ్ అరలోకి వెళ్లి 'నాట్ స్పామ్' అంటే తిరిగి వస్తుంది.

ఆఫీసుల్లో ఎక్కువగా వాడే ఔట్‌లుక్‌లో ఇదివరకు ఈ పనికి 'రిపోర్ట్ మెసేజ్' అనే పనిముట్టును విడిగా తగిలించుకునేవారు. ఇలాంటి తగిలింపులనే 'యాడ్-ఇన్' అంటారు. ఇప్పటి ఔట్‌లుక్‌లో రిపోర్ట్ బొత్తాం దానితోపాటే వస్తోంది.

కార్డుముక్కా? అంటించిన కవరా?

ఇది మనకు వచ్చే ఉత్తరాల మాట. మనం పంపే వాటి సంగతేమిటి? పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ ఫోటో తీసి అలాగే పంపేస్తున్నాం. మామూలు మెయిల్‌కు దారిలో కొంత కాపలా ఉంటుంది. కానీ పెట్టె నడిపే కంపెనీ దాన్ని చదవగలదు. మన పాస్‌వర్డు తెలిసినవాడు ఎవడైనా చదవగలడు.

దీనికి విరుగుడు తాళం వేసిన ఉత్తరం. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అనే అమెరికన్ 'పీజీపీ' పేరుతో దీన్ని అందరికీ అందించారు. నొక్కితే పడిపోయే తాళంకప్పలు మనకు తెలుసు. అలాంటివి తెరిచి నలుగురు చుట్టాలకూ ఇచ్చి, తాళంచెవి మాత్రం మన మొలకు కట్టుకున్నామనుకోండి. వాళ్లు ఉత్తరం పెట్టెలో పెట్టి నొక్కి పంపుతారు. తెరవడం మన ఒక్కరి వల్లే అవుతుంది. జీమెయిల్‌కు తగిలించుకునే 'మెయిల్‌వెలప్' ఈ పనే చేస్తుంది. 'థండర్‌బర్డ్'లో 2020 నుంచి ఈ సదుపాయం లోపలే ఉంది.

రెండు జాగ్రత్తలు. ఉత్తరం పైన రాసే విషయం వరుసకు సాధారణంగా తాళం పడదు. గుట్టు అక్కడ రాయకూడదు. తాళంచెవి పోతే పాత ఉత్తరాలు మనకే తెరుచుకోవు.

ఇంత తతంగం కుదరనివారికి తేలిక దారి ఉంది. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో చివరి 4 అంకెలే కనిపించే 'మాస్క్‌డ్ ఆధార్' దొరుకుతుంది. అది చాలన్నచోట అదే పంపండి. మిగతా కాగితాలకు పాస్‌వర్డు పెట్టించి, ఆ పాస్‌వర్డును మెయిల్‌లో రాయకుండా ఫోనులో నోటితో చెప్పండి.

తాళం వేసేవాడే దొంగైతే?

ఈ తగిలింపుల్లో కొన్ని మన ఉత్తరాలన్నీ చదవడానికి అనుమతి అడుగుతాయి. కొత్త పాలేరును కుదుర్చుకునేటప్పుడు ఎవరి మనిషని ఎలా విచారిస్తామో, వీటినీ అలాగే విచారించాలి. అవసరం తీరినవాటిని తీసేయాలి.

ఇప్పటికే లింకు నొక్కి డబ్బు పోగొట్టుకున్నవారికి ఈ బొత్తాం ఆ డబ్బు తెచ్చిపెట్టదు. సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి, బ్యాంకుకు చెప్పాలి. గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో చదువుకున్న పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మూడు చుక్కలు ఎక్కడున్నాయో చూపించమనండి. రేపు వచ్చే దొంగ ఉత్తరానికి మీరు వేసే కేక, మీకు తెలియని మరో ఊళ్లో ఒక ఇంటిని కాపాడవచ్చు.