తెగుళ్ల పేరులు – వాని కారణములు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల రైతు సోదరులు పైరు వాడినచో "ఎండు తెగులు" అందురు. గుబురై పూత పూయనిచో "వెర్రి తెగులు" అందురు. ఈ పేరులు చక్కనివే. కాని యివి లక్షణమును మాత్రమే తెలుపును, కారణమును తెలుపవు. మందు పనిచేయవలసినది కారణముమీద. పేరును మాత్రము చూచి మందు కొన్నచో పైకమును, పైరును రెండును పోవును. కావున నాలుగు మాటలను వివరించుచున్నాము.

లక్షణము: కంటికి కనబడు మార్పు. పసుపెక్కుట, మచ్చ, ముడుత, వాడుట మొదలగునవి.

రోగకారకము: ఆ మార్పును కలిగించునది. శిలీంధ్రము, బాక్టీరియా, వైరసు మున్నగునవి.

వాహకము: రోగకారకమును మొక్కనుండి మొక్కకు మోయు పురుగు లేక నల్లి.

ఆశ్రయము: రోగకారకము పెరుగుటకు తావిచ్చు మొక్క.

వెర్రి తెగులునే చూడుడు. కందిలో దీనికి కారకము వైరసు. వాహకము కంటికానని నల్లి. నువ్వులో పూవులు ఆకులుగా మాఱును. కారకము బాక్టీరియాను పోలిన ఫైటోప్లాస్మా, వాహకము దీపపు పురుగు. సజ్జలో వెర్రి కంకికి కారకము బూజు. పేరొకటే, కారణములు మూడు. బూజు మందు కంది వైరసును చంపజాలదు. గట్లమీది పాత కంది మొక్కలు ఆ వైరసునకు ఆశ్రయములు. వానిని విత్తుటకు ముందే పెరికివేయవలెను. పటాన్‌చెరువునందలి ఇక్రిశాటువారి "ఆశ" (ఐసీపీఎల్ 87119) కంది 1993లో విడుదలయ్యెను. అది వెర్రి తెగులును, ఎండు తెగులును తట్టుకొనును.

టమాటలో ఎండు తెగులు శిలీంధ్రమువలనను కలుగును, బాక్టీరియావలనను కలుగును. భేదము తెలియుటకు ఖర్చు లేదు. క్రొత్తగా వాడిన మొక్క కాండమును మొదటివద్ద రెండంగుళముల ముక్కగా కోసి, తేట నీరు నింపిన గాజు గ్లాసులో కోసిన కొన మునుగునట్లు పట్టుకొనుడు. కొన్ని నిమిషములలో పాలవంటి దారములు క్రిందికి దిగినచో అది బాక్టీరియా. అట్టి మడిలో శిలీంధ్రపు మందు పోయుట వ్యర్థము. వంగ, మిరప, ఆలుగడ్డ కూడ ఆ బాక్టీరియాకు ఆశ్రయములే గనుక వానిని అచ్చట నాటరాదు. జొన్నగాని మొక్కజొన్నగాని వేయవలెను. టమాటను ఎండించు శిలీంధ్రమో ముఖ్యముగా టమాటనే పట్టును. అచ్చట వంగకు అంత భయము లేదు.

ఇకమీదట తెగులు చూపింప వచ్చునప్పుడు ఒక్క ఆకు తేక, వేళ్లతో కూడ మొక్కను తెండు. అంతకుముందు ఆ మడిలో వేసిన పైరేదో చెప్పుడు. కారణము తెలిసిన పిమ్మటనే మందు కొనుడు.