తాళం తీసిన ఇల్లు, ఆసిడ్ సీసా

సంక్రాంతికి ఊరొచ్చి, ఏడాదిగా తాళం వేసి ఉన్న ఇల్లు తెరవగానే మనవాళ్లు కిరాణా కొట్టుకు కబురు పెడతారు, ఆసిడ్, ఫినాయిల్, బ్లీచింగ్ పంపమని. అన్నీ ఒకే బకెట్లో కలిపి కొడితే మురికి త్వరగా వదులుతుందని మన వైపు గట్టి నమ్మకం. ప్రాణం మీదికి తెచ్చేది ఆ నమ్మకమే.

కొట్లో దొరికే ఆసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. టాయిలెట్ కడిగే సీసాల్లోనూ చాలావాటిలో అదే, కాస్త పలచగా ఉంటుంది. దానికి బ్లీచింగ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం వదిలిన వాయువు ఇదే. గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేలబారున నిలుస్తుంది, గొంతుక్కూర్చుని రుద్దే మనిషి ముఖం దగ్గర. ఆ మనిషి సాధారణంగా మనం కాదు, పనిమనిషి. చేతి తొడుగులు కొనిచ్చి, కిటికీలు తీసి ఉంచడం మన బాధ్యత. ఆసిడ్ వాడిన చోట ఆ రోజుకి బ్లీచింగ్ ముట్టుకోవద్దు. విదేశాల్లో ఉన్నవాళ్లు అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌నీ బ్లీచ్‌లో కలపకూడదు. ఆ పొగ కూడా ఊపిరితిత్తులను కాలుస్తుంది.

అసలు బందరులోనూ దివిసీమలోనూ చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. కుళాయిలకు, బకెట్లకు తెల్లటి గార కడుతుంది. బ్లీచింగ్‌తో అది పోదు. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి తడిగుడ్డ చుట్టి ఉంచితే అరగంటలో మెత్తబడుతుంది. ఆసిడ్ అవసరం చాలా అరుదు. కడప రాయి పరిచిన వంటిళ్లలో, పాత మొజాయిక్ గచ్చుల మీద అయితే నిమ్మ ఉప్పు కూడా వద్దు. ఆమ్లం పోయగానే బుస్సుమని పొంగుతుంది. పొంగేది మురికి కాదు, సున్నపురాయి కరిగిపోతోంది. అక్కడ సబ్బు నీళ్లే శరణ్యం.

బ్లీచింగ్ పని వేరు, క్రిములను చంపడం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు ముందు ఫైరింజన్లతో ఇళ్లలో బురద కడిగారు. మన ఇంట్లోనూ వరస అదే, ముందు బురద, తర్వాత బ్లీచింగ్. బురద మీదే చల్లితే క్లోరిన్ ఆ మట్టికే ఖర్చయిపోతుంది. మన తేమ గాలికి విప్పిన పొట్లం కొన్ని వారాల్లోనే నీరసపడుతుంది, కాబట్టి పోయిన ఏడాది డబ్బాను నమ్మొద్దు.

నూతి నీళ్లకైతే బ్లీచింగ్ మామూలుగా వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు లెక్క. పది అడుగుల వెడల్పు, పది అడుగుల నీళ్లున్న నుయ్యికి సుమారు 55 గ్రాములు పడుతుంది. పొడిని నేరుగా చల్లకుండా ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుగున పేరుకున్నాక పైతేట మాత్రం పోయాలి. గంట ఆగి తోడుకోవాలి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలాంటిది వచ్చి సముద్రపు నీరు చేరితే మాత్రం ఈ లెక్క సరిపోదు. క్రిములు చచ్చినా ఉప్పు పోదు, నుయ్యి తోడించాల్సిందే.

ఇక కూల్‌డ్రింక్ సీసాల్లో ఆసిడ్, ఫినాయిల్ పోసి గట్టు మీద పెట్టే అలవాటు ఒకటుంది. మనవలు సెలవులకొచ్చే ఇంట్లో అది నేరమే అంటాను. పిల్లలెవరైనా తాగితే వాంతి చేయించకండి; దిగేటప్పుడు కాల్చిన ఆమ్లం ఎక్కేటప్పుడూ కాలుస్తుంది. 108కి ఫోన్ చేసి, ఆ సీసా కూడా ఆసుపత్రికి పట్టుకెళ్లండి.