ఫ్రాటర్నిటీలో చేరతానంటే?

ఇంటర్ కాగానే పిల్లల్ని డిగ్రీకి అమెరికా పంపాలనుకునే తల్లిదండ్రులు ఫ్రాటర్నిటీ గురించి తెలుసుకోవాలి. అబ్బాయిలది ఫ్రాటర్నిటీ, అమ్మాయిలది సొరోరిటీ. గ్రీకు అక్షరాల పేర్లున్న విద్యార్థి సంఘాలివి. 1776లో విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టిన ఫై బీటా కప్పా వీటికి ఆద్యం. మనవాళ్లు కనిపించే దక్షిణాసియా సంఘాలూ ఉన్నాయి. 1998లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో మొదలైన డెల్టా ఎప్సిలాన్ సై అలాంటిదే.

చేరాలంటే చాలాచోట్ల కనీస జీపీఏ ఉండాలి. చేరాక లెక్కలు చూడటం, చందాలు వసూలు చేయడం, సేవా కార్యక్రమాలకు డబ్బు సేకరించడం అంతా పిల్లలదే. మార్కుల మెమోలో కనిపించని ఈ చదువు విలువైనదేనని నా అభిప్రాయం.

కానీ కొత్తవాళ్లను వేధించే 'హేజింగ్' కూడా అక్కడే ఉంది. మన ర్యాగింగ్ లాంటిదే, బలవంతంగా తాగించడం ఎక్కువ. 2017లో పెన్ స్టేట్‌లో అలా తాగిన విద్యార్థి మెట్ల మీంచి పడ్డాడు. గంటల తరబడి ఎవరూ అంబులెన్స్‌ను పిలవలేదు. అతను బతకలేదు.

2024 డిసెంబరులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, హేజింగ్‌కు పాల్పడిన సంఘాల పేర్లను కాలేజీలు వెబ్‌సైట్‌లో పెట్టాలి. పిల్లలు చేరతామంటే ముందు ఆ నివేదిక చదవండి. ఇంకొకటి, తోటివాడు స్పృహ తప్పితే భయపడకుండా 911కి ఫోన్ చేయమని చెప్పండి. చాలా రాష్ట్రాల్లో అలా సాయం కోరినవారికి మద్యం కేసు నుంచి మినహాయింపు ఉంది.