కండరము చేయు పని

వానకాలమున పల్లెబాటలలో ధాన్యపు బండి బురదలో దిగబడుట తరచుగా జరుగుచుండును. ఎడ్లు మెడతో కాడిని నెట్టుచు ముందుకు మొగ్గును. బండివాడును, దారిని పోవు నలుగురును చక్రములకు భుజము లానించి వెనుకనుండి త్రోయుదురు. కాళ్లు నేలను తన్నిపట్టును. మడిచిన మోకాళ్లును మోచేతులును చాపుకొనును. కొంత పెనగులాట జరిగిన పిమ్మట బండి కదలును. అందరును చెమట తుడుచుకొని, ఎంత బలముగా త్రోసితిమో యని తృప్తి పడుదురు. కాని శరీరశాస్త్రము చెప్పు మాట వినినచో వారికి ఆశ్చర్యము కలుగక మానదు. ఆ సమయమున వారి దేహములలో పనిచేసిన వందలాది కండరములలో ఒక్కటియు త్రోయలేదు. అన్నియు లాగినవే!

మానవదేహమున ఎముకలను కదలించు కండరములు 600కు పైగా కలవు. వయసు వచ్చిన పురుషుని బరువులో సుమారు ఐదింట రెండు వంతులు ఇవియే. ప్రేగులు, రక్తనాళములు మొదలగువాని గోడలలో నుండు కండరములు వేఱొక జాతివి; గుండె కండరము మఱియొక జాతిది. ఆ రెండును మన యిష్టముతో నిమిత్తము లేకయే రేయింబవళ్లు పనిచేయుచుండును. వాని కథ వేఱు. ఇచ్చట ప్రస్తావింపబడునవి మన సంకల్పమునకు లోబడి ఎముకలను కదలించునట్టివి.

ఇట్టి కండరము నడుమ ఉబ్బుగా నుండి, కొనలయందు సన్నబడి, తెల్లని గట్టి పగ్గములుగా మాఱును. ఈ పగ్గములకు స్నాయుబంధనములని పేరు. మడమకు పైభాగమున వెనుకవైపు వ్రేళ్లతో పట్టి చూచినచో చేతికి దొరకు గట్టి త్రాడు ఇట్టిదే. కండరము యొక్క రెండు కొనలును సాధారణముగా రెండు వేర్వేఱు ఎముకలకు కట్టబడి యుండును. ఆ యెముకల నడుమ ఒక కీలుండును. కండరము పొట్టియైనప్పుడు కీలువద్ద ఎముక కదలును. దానికి తెలిసిన విద్య యింతే. పని ముగిసిన పిమ్మట అది మెత్తబడును గాని, తనంతట తాను సాగి పొడవు కాజాలదు. త్రాడుతో లాగవచ్చును, త్రాడుతో త్రోయుట యెవరి తరము?

అట్లైనచో మడిచిన చేయి తిరిగి చాపుకొనుట యెట్లు? దీనికి సమాధానము ప్రతివాని దండచేతిలోనే యున్నది. ఎడమచేతిని కుడి దండచేతి ముందువైపున ఉంచి, కుడి అరచేతితో బల్లను క్రిందినుండి పైకి ఎత్తుటకు యత్నించినచో ముందువైపున ఒక కండరము గట్టిపడుట తెలియును. ఇది ద్విశిర కండరము. పిమ్మట అదే అరచేతిని బల్లమీద నుంచి క్రిందికి అదిమినచో, ముందటి కండరము మెత్తబడి, దండచేతి వెనుకవైపున వేఱొకటి గట్టిపడును. ఇది త్రిశిర కండరము. దాని కొన మోచేతిని దాటి, ముంజేతి ఎముక వెనుకకు పొడుచుకొని వచ్చిన మొనకు అంటియుండును. అది ఆ మొనను పైకి లాగగా, అవతలి కొన యగు ముంజేయి చాపుకొనును. అనగా బయటికి త్రోపుగా కనబడునది లోపల లాగుడే. చక్రమును త్రోసిన చేతుల రహస్యమును ఇదియే. ఒకటి మడచుటకు, ఒకటి చాపుటకు, ఇట్లు కండరములు ప్రతి కీలువద్దను జంటలుగా అమరియున్నవి. ఒకటి పొట్టియగునప్పుడు రెండవదానిని సాగదీయును.

ద్విశిర కండరము అంటుకొనిన చోటు మోచేతి కీలుకు 4 లేక 5 సెంటీమీటర్ల దూరముననే యున్నది. అరచేయి యన్ననో సుమారు 35 సెంటీమీటర్ల దూరమున నున్నది. కావున అరచేతిలో 5 కిలోల బరువు నిలుపుటకు ఆ కండరము దానికి ఏడెనిమిది రెట్లు బలముతో లాగవలసివచ్చును. నిప్పును పట్టు పట్టకారు అమరికయు ఇట్టిదే. ఇది నష్టపు బేరమువలె తోచును. కాని కండరము ఒక సెంటీమీటరు పొట్టియైన మాత్రమున అరచేయి ఏడెనిమిది సెంటీమీటర్లు కదలును. వడిసెల త్రిప్పి చేనిమీది పిట్టలను తోలు కాపరి చేతికి అంత వేగము వచ్చుట ఈ బేరమువలననే.

ఇక కండరము పొట్టి యగుట యెట్లు? గట్టిపడిన కండరము ఉబ్బినట్లు కనబడును గదా! దానిని చూచియే, క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దిలో ఎరసిస్ట్రాటస్ అను గ్రీకు వైద్యుడు ఒక రకమైన ప్రాణవాయువు కండరములోనికి ప్రవేశించి దానిని తిత్తివలె ఉబ్బించుచున్నదని తలంచెను. ఉబ్బిన తిత్తి అడ్డముగా వెడల్పై, నిలువున పొట్టియగును గదా! ఈ యూహ ఎంత అందముగా నున్నదనగా, రెండువేల సంవత్సరములకు దగ్గరగా పండితులు దీనిని ఏదో యొక రూపమున నమ్ముచు వచ్చిరి. 17వ శతాబ్దిలో యాన్ స్వామర్‌డామ్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు దీనిని పరీక్షింపదలచెను. ఒక కప్ప కాలి కండరమును నాడితో సహా గాజుపాత్రలో నుంచి, పాత్రను మూసి, దానికి అమర్చిన సన్నని గొట్టములో ఒక నీటిబొట్టు నుంచెను. కండరములోనికి ఏదైన చేరి అది ఉబ్బినచో, లోని గాలి నెట్టబడి బొట్టు పైకి లేవవలెను. నాడిని కదలింపగా కండరము ముడుచుకొనెను, బొట్టు లేవలేదు. కండరము ఆకారము మాఱినదే గాని పరిమాణము పెరుగలేదు. తరతరముల సిద్ధాంతమును ఒక్క నీటిబొట్టు కూలద్రోసినది.

అసలు సంగతి తెలియుటకు మఱి మూడు శతాబ్దులు పట్టినది. కండరము సన్నని తంతువుల కట్ట. సూక్ష్మదర్శినిలో చూచినచో ప్రతి తంతువునందును నల్లని పట్టెలును, తెల్లని పట్టెలును మార్చి మార్చి అడ్డముగా కనబడును. ఒక మిల్లీమీటరు పొడవులో ఇట్టి ఖండములు సుమారు 400 ఇమిడియుండును. 1954లో 'నేచర్' అను ఆంగ్ల పత్రిక యొక్క ఒకే సంచికలో రెండు వ్యాసములు వెలువడెను. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కె అనువారిది. రెండవది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ అనువారిది. హక్స్‌లీలు ఇరువురును బంధువులు కారు. ఇరుజట్లును వేర్వేఱుగా పనిచేసి ఒకే సత్యమును కనుగొనిరి. కండరము ముడుచుకొనునప్పుడు తెల్లపట్టెలు సన్నబడును. నల్లపట్టెల వెడల్పు మాఱదు. ఏలయన లోపల రెండు విధములైన పోగులున్నవి. లావుపోగులు మయోసిన్ అను మాంసకృత్తుతోను, సన్నపోగులు ముఖ్యముగా ఆక్టిన్ అను మాంసకృత్తుతోను ఏర్పడినవి. ఏ పోగును పొట్టి కాదు. ఒకదాని సందున నొకటి జారి లోనికి చొచ్చుకొనును.

జార్చునది యెవరు? మయోసిన్ పోగునుండి చిన్న చిన్న చేతులవంటివి పైకి వచ్చియుండును. నూతిలోని చేదను పైకి తీయువారు త్రాటిని ఒక చేతితో పట్టి లాగి, ఆ చేతిని విడిచి, మఱికొంత ముందునకు పట్టి మరల లాగునట్లు, ఈ చేతులు ఆక్టిన్ పోగును పట్టి, లాగి, విడిచి, మరల పట్టుచుండును. ఒక్కొక్క లాగుడు మిల్లీమీటరులో లక్షవ వంతంత మాత్రమే. కాని కోటానుకోట్ల చేతులు ఒక్కసారి పనిచేయుటచే బండి బురదనుండి పైకి వచ్చును.

ఈ చేతులకు వలయు శక్తిని గూర్చిన విషయమున ఒక తెలుగువాని పేరు శాశ్వతముగా నిలిచియున్నది. 1920వ దశాబ్దిలో కండరపు పనికి లాక్టిక్ ఆమ్లమే మూలమని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు నమ్ముచుండిరి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాకు పోయి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో కలిసి భాస్వరమును కొలుచుటకు ఒక పద్ధతిని కల్పించెను. ద్రావణములో పుట్టు నీలిరంగును బట్టి భాస్వరము ఎంత యున్నదో అందు తెలియును. కండరపు రసమును పరీక్షించునప్పుడు మాత్రము రంగు రావలసినంత త్వరగా రాలేదు. మఱియొకరైనచో పద్ధతిలో లోపమనుకొని యుందురు. వారట్లు విడువక కారణమును వెదకి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును బయల్పఱచిరి. కండరము పనిచేయునప్పుడు అది విరిగి తగ్గును. విశ్రాంతిలో తిరిగి పెరుగును. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కనుగొనిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను నతడును దానిని వేఱుగా కనుగొనెను. మయోసిన్ చేతులకు నేరుగా శక్తి నిచ్చునది ఈ రెండవ పదార్థమే. కండరములో దీని నిలువ తీవ్రమైన పనికి రెండు మూడు సెకనులకు మించి చాలదు. ఫాస్ఫోక్రియాటిన్ దానిని మఱికొన్ని సెకనులు నింపుచుండును. పిమ్మట చక్కెర, క్రొవ్వు, ప్రాణవాయువులతో దేహము దానిని తయారు చేసికొనవలెను.

వింత యేమనగా, మయోసిన్ చేయి తన పట్టును విడుచుటకు సైతము ఈ పదార్థమే కావలెను. ప్రాణము పోయిన కొన్ని గంటలకు శవము కొయ్యబాఱుటకు కారణము ఇదియే. పదార్థము అయిపోయినది, చేతులు పట్టినవి పట్టినట్లే నిలిచిపోయినవి.

జీవించియున్న దేహమున పట్టు విడువవలసిన సమయమును నాడులు నిర్ణయించును. ద్విశిరము లాగునప్పుడు త్రిశిరము ఊరకుండవలెను; లేనిచో రెండును ఎదురెదురుగా లాగి చేయి కొయ్యబాఱును. ఒకదానికి ఆజ్ఞ పంపునప్పుడే దాని జంటకు పోవు ఆజ్ఞను వెన్నుపాము అణచివేయునని ఇంగ్లండు దేశీయుడగు షెరింగ్టన్ నిరూపించెను. 1932లో నోబెల్ బహుమానము అందుకొనిన శాస్త్రజ్ఞుడాయన. ఈ అణచివేత తప్పినచో ఏమగునో ధనుర్వాతము చూపుచున్నది. మట్టిలోను పేడలోను ఉండు సూక్ష్మజీవి గాయములో చేరి పుట్టించు విషము, నాడులవెంట వెన్నుపామును చేరి, అణచు శక్తిని హరించును. అప్పుడు ప్రతి జంటలోను రెండు కండరములును ఒక్కసారి బిగిసి లాగును. గెలుపు బలవంతునిదే. నోరు మూయు కండరములు తెఱచువానికంటె బలమైనవి గనుక దౌడలు బిగిసిపోవును. వీపు కండరములు కడుపు కండరములకంటె బలమైనవి గనుక దేహము వింటివలె వెనుకకు వంగును. వ్యాధికి మనవారు పెట్టిన పేరు ఎంత సరియైనది! శుభ్రము లేని కత్తితో బొడ్డు కోయుటవలన పసికందులు దీని వాత పడుచుండిరి. టీకాలవలనను, శుభ్రమైన కాన్పులవలనను బాలింతలకును పసివారికిని ఈ పీడ తొలగినట్లు మన దేశమునకు 2015లో గుర్తింపు లభించినది.

జంటలో ఒకటి చచ్చుబడినను అంతే చిక్కు. నేడు మందులతో పూర్తిగా నయమగు కుష్ఠువ్యాధి, చికిత్స ఆలస్యమైనచో చేతి నాడులను చెఱచును. అరచేతిలోని చిన్న కండరములు పడిపోగా, ముంజేతినుండి వచ్చు పెద్ద కండరములు ఎదురు లేక లాగి వ్రేళ్లను గోళ్లవలె వంకరపఱచును. 1940వ దశాబ్ది చివర వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు ఇట్టి చేతులను బాగుచేయ బూనుకొనెను. చచ్చిన కండరమును బ్రతికింప వీలులేదు. కాని ఆరోగ్యముగ నున్న వేఱొక కండరపు స్నాయుబంధనమును దాని చోటునుండి విడదీసి, క్రొత్త మార్గమున త్రిప్పి, వ్రేలికి కుట్టవచ్చును. తన పగ్గము ఎచ్చట కట్టబడినదో కండరమునకు తెలియదు. అది ఎప్పటివలెనే లాగును. నేర్చుకొనవలసినవాడు రోగియే. కట్టు విప్పిన పిమ్మట అతడు కొన్ని వారములు సాధనచేసి, పూర్వము ఒక పనికి లాగిన కండరమును మఱియొక పనికి లాగించుట అలవఱచుకొనును. అటుపిమ్మట చాలమంది తమ చేతితో అన్నము కలుపుకొని తినగలిగిరి.