అందుబాటు గృహనిర్మాణము – నిర్మాణదారులకు ప్రోత్సాహకాలు

తక్కువ ఆదాయము గల కుటుంబాలు కొనగలిగిన లేదా అద్దెకు తీసుకొనగలిగిన ఇళ్ళను అందుబాటు గృహాలు అంటారు. ఇటువంటి ఇళ్ళను ప్రైవేటు నిర్మాణదారులు తమ ఇష్టముతో కట్టుటకు ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు ఇచ్చే రాయితీలను స్వచ్ఛంద ప్రోత్సాహకాలు అంటారు. ఇందులో నిర్బంధము లేదు. "కొన్ని ఇళ్ళను తక్కువ ధరకు ఇస్తే, మరికొంత ఎత్తు కట్టుకొనుటకు అనుమతి ఇస్తాము" అనే ఒప్పందము వంటిదే ఈ విధానము. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఈ విధానము ఏ మేరకు అమలైనది, వాల్మీకిపురం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి చిన్న పట్టణాలకు ఏ మేరకు పనికివస్తుంది అనునవి ఈ వ్యాసములోని ముఖ్య విషయాలు.

పనిచేసే విధానము

సాధారణముగా ఇచ్చే ప్రోత్సాహకాలు ఇవి:

* అదనపు నిర్మాణ విస్తీర్ణము: స్థల విస్తీర్ణమునకు, దానిపై కట్టదగిన మొత్తము అంతస్తుల విస్తీర్ణమునకు గల నిష్పత్తిని ఎఫ్.ఎస్.ఐ. లేదా ఎఫ్.ఏ.ఆర్. అంటారు. ఈ పరిమితిని పెంచుట.
* రుసుముల తగ్గింపు: అనుమతి రుసుము, అభివృద్ధి రుసుము వంటి వాటిలో మినహాయింపు.
* పన్ను రాయితీ: ఆదాయపు పన్ను, జీ.ఎస్.టీ. వంటి వాటిలో తగ్గింపు.
* త్వరిత అనుమతి: నిర్ణీత గడువులో, ఒకే చోట అన్ని అనుమతులు ఇచ్చుట.
* మౌలిక వసతులు: స్థలము వరకు రోడ్డు, నీరు, మురుగు కాలువ ప్రభుత్వ ఖర్చుతో వేయుట.

ఈ విధానములోని సూత్రమును ఒక చిన్న లెక్కతో తెలుసుకొనవచ్చును. ఇందులోని అంకెలు ఉదాహరణకు ఊహించినవి మాత్రమే. ఒక స్థలములో 40 ఇళ్ళకు అనుమతి ఉన్నదనుకొందాము. ఒక్కొక్క ఇంటి నిర్మాణమునకు 20 లక్షల రూపాయలు ఖర్చు కాగా, బజారు ధర 30 లక్షలు. పురపాలక సంఘము మరి 8 ఇళ్ళకు అనుమతి ఇచ్చి, వాటిలో 4 ఇళ్ళను 16 లక్షలకే అమ్మవలెనని షరతు పెట్టినది. స్థలము పాతదే గనుక అదనపు ఇళ్ళకు భూమి ఖర్చు లేదు. తక్కువ ధర ఇళ్ళపై నష్టము 4 × 4 = 16 లక్షలు. మిగిలిన 4 ఇళ్ళపై లాభము 4 × 10 = 40 లక్షలు. నికరముగా 24 లక్షలు మిగులుతుంది కనుక నిర్మాణదారుడు ఒప్పుకొంటాడు.

ఇప్పుడు అదే ఊరిలో నిబంధనలు మొదటినుండే 48 ఇళ్ళకు అనుమతిస్తున్నవనుకొందాము. అప్పుడు షరతుకు ఒప్పుకొన్నవాడు 30 లక్షలకు అమ్ముకొనగల 4 ఇళ్ళను 16 లక్షలకు ఇచ్చి 56 లక్షలు పోగొట్టుకొంటాడు. ఎవరూ ముందుకు రారు. అనగా, ప్రోత్సాహకము విలువ దాని వెనుకనున్న నిబంధన పైనే ఆధారపడి ఉంటుంది. అందరికీ ఉచితముగా దొరికే దానిని బహుమతిగా ఇవ్వలేము. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణల పరిస్థితిని అర్థము చేసుకొనుటకు ఈ సూత్రమే ఆధారము.

ఇతర దేశాలలో

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రములో మాంట్‌గోమరీ కౌంటీ 1974లో తెచ్చిన చట్టము ఈ రంగములో తొలి చట్టాలలో ఒకటి. అది పెద్ద గృహ సముదాయాలలో కొంత వాటాను తక్కువ ధరకు ఇచ్చుట తప్పనిసరి చేసి, అందుకు బదులుగా అదనపు ఇళ్ళకు అనుమతి ఇచ్చినది. కాలిఫోర్నియా రాష్ట్రము 1979లో, స్వచ్ఛందముగా తక్కువ ధర ఇళ్ళు కట్టేవారికి అదనపు ఇళ్ళను అనుమతించే చట్టము చేసినది. న్యూయార్క్ నగరము 1987లో స్వచ్ఛంద పథకమును ప్రారంభించినది. తరువాత 2016లో, కొత్తగా నిర్మాణ పరిమితి పెంచిన ప్రాంతాలలో అందుబాటు ఇళ్ళ వాటాను తప్పనిసరి చేసినది.

భారతదేశములో

2005లో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకము కింద రాష్ట్రాలు ఒప్పుకొనవలసిన సంస్కరణలలో, గృహ పథకాలలోని అభివృద్ధి చేసిన భూమిలో 20–25 శాతము బలహీన, అల్పాదాయ వర్గాలకు కేటాయించుట ఒకటి. 2007 నాటి జాతీయ పట్టణ గృహ, ఆవాస విధానము కూడా ఇటువంటి కేటాయింపును సూచించి, దానికి తోడుగా నిర్మాణ విస్తీర్ణపు ప్రోత్సాహకాలు ఇవ్వవలెనని చెప్పినది.

హర్యానా 2013లో ప్రకటించిన అందుబాటు గృహ విధానము ప్రోత్సాహకాలపై ఆధారపడిన పథకాలలో ముఖ్యమైనది. ముందుకు వచ్చిన నిర్మాణదారులకు సాధారణ పరిమితి కన్నా ఎక్కువ నిర్మాణ విస్తీర్ణము ఇచ్చి, అమ్మకపు ధరను ప్రభుత్వమే నిర్ణయించి, ఇళ్ళను లాటరీ ద్వారా కేటాయించే పద్ధతి పెట్టినది.

2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగములో "భాగస్వామ్యముతో అందుబాటు గృహాలు" ఒక అంశము. కనీసము 250 ఇళ్ళు ఉండి, వాటిలో 35 శాతము బలహీన వర్గాలకు చెందినవైతే, ఆ వర్గపు ఒక్కొక్క ఇంటికి కేంద్రము 1.5 లక్షల రూపాయలు ఇచ్చినది. 2016 ఆర్థిక చట్టము ద్వారా ఆదాయపు పన్ను చట్టములో 80-ఐబీఏ విభాగము చేరినది. దీని ప్రకారము, నిర్ణీత పరిమాణములోని చిన్న ఇళ్ళ పథకాలపై వచ్చిన లాభమునకు పూర్తి మినహాయింపు లభించినది. 2019 ఏప్రిల్ 1 నుండి, 45 లక్షల రూపాయల లోపు ధర గల చిన్న ఇళ్ళపై జీ.ఎస్.టీ. 1 శాతముగా, ఇతర ఇళ్ళపై 5 శాతముగా నిర్ణయించబడినది. విస్తీర్ణపు పరిమితి హైదరాబాదు వంటి మహానగరాలలో 60 చదరపు మీటర్లు, మిగిలిన చోట్ల 90 చదరపు మీటర్లు.

2020 జూలైలో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన అందుబాటు అద్దె గృహ సముదాయాల పథకములో, సొంత స్థలములో అద్దె ఇళ్ళు కట్టే సంస్థలకు 50 శాతము అదనపు నిర్మాణ విస్తీర్ణము ఉచితముగా ఇవ్వవలెనని, 30 రోజులలో అనుమతులు ఇవ్వవలెనని ఉన్నది. ఆవాస్ యోజన రెండవ దశ 2024లో ప్రారంభమైనది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో

ఎత్తు నిబంధనలు

2006 మార్చి 3న ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము జీ.ఓ. 86 ద్వారా హైదరాబాదు సవరించిన భవన నిబంధనలను విడుదల చేసినది. దీనితో నగరములో ఎఫ్.ఎస్.ఐ. పరిమితి తొలగినది. ముందున్న రోడ్డు వెడల్పు, స్థల విస్తీర్ణము, చుట్టూ వదలవలసిన ఖాళీ జాగాలను బట్టి భవనపు ఎత్తు నిర్ణయమవుతుంది. 2012 ఏప్రిల్ 7 నాటి జీ.ఓ. 168 ఈ పద్ధతినే రాష్ట్రములోని ఇతర పట్టణాలకు కూడా వర్తింపజేసినది. విభజన తరువాత ఆంధ్ర ప్రదేశ్‌లో 2017 భవన నిబంధనలు వచ్చినను మూలసూత్రము మారలేదు.

పై లెక్కను ఇక్కడ అన్వయించి చూడవచ్చును. ముంబాయి వంటి నగరములో ఎఫ్.ఎస్.ఐ. పరిమితి గట్టిగా ఉన్నందున అదనపు విస్తీర్ణమునకు గొప్ప విలువ కలదు. ఆ పరిమితియే లేని చోట 50 శాతము అదనపు విస్తీర్ణము ఇస్తామన్నచో నిర్మాణదారునికి దాని వలన కలిగే లాభము స్వల్పము. ఇతర రాష్ట్రాలలో పనిచేసే ముఖ్యమైన ప్రోత్సాహకము తెలుగు రాష్ట్రాలలో బలహీనమగుటకు ఇదే కారణము.

బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కులు

రోడ్డు విస్తరణ వంటి పనులకు స్థలమును ఉచితముగా అప్పగించిన యజమానికి నగదుకు బదులు హక్కు పత్రము ఇచ్చే పద్ధతిని కూడా 2006 నిబంధనలు ప్రవేశపెట్టినవి. దీనిని టీ.డీ.ఆర్. అంటారు. ఈ పత్రమును సొంతముగా వాడుకొని, లేదా మరొకరికి అమ్మి, మరొక స్థలములో అదనపు అంతస్తు కట్టుకొనవచ్చును. ఇది స్వచ్ఛంద ప్రోత్సాహకమే అయినను దీని ముఖ్య ప్రయోజనము రోడ్లు, చెరువులే కాని పేదల ఇళ్ళు కావు.

తప్పనిసరి వాటా, దాని సడలింపు

2012 నిబంధనల కాలములోనే పెద్ద గృహ పథకాలలో బలహీన, అల్పాదాయ వర్గాలకు కొంత వాటా ఉండవలెనని షరతు పెట్టబడినది. అయితే కొన్ని సందర్భాలలో ఇళ్ళకు బదులు షెల్టర్ ఫీజు అనే రుసుము చెల్లించుటకు వీలు కల్పించబడినది. రుసుము చెల్లించుట సులభమైనప్పుడు నిర్మాణదారులు సహజముగా ఆ మార్గమునే ఎంచుకొంటారు.

అమరావతి భూసమీకరణ

భూయజమానులు స్వచ్ఛందముగా పాల్గొన్న పెద్ద పథకము అమరావతి భూసమీకరణ. 2015లో రైతులు 30 వేల ఎకరాలకు పైగా భూమిని అప్పగించినారు. ఎకరము మెట్ట భూమికి 1000 గజాల నివాస స్థలము, 250 గజాల వాణిజ్య స్థలము, జరీబు భూమికి 1000 గజాల నివాస స్థలము, 450 గజాల వాణిజ్య స్థలము, వీటితోపాటు పదేళ్ళపాటు కౌలు ఇచ్చుట ఒప్పందము. 2014 రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టము, సమీకరించిన భూమిలో 5 శాతమును పేదల అందుబాటు గృహాలకు కేటాయించవలెనని చెప్పినది. ఆ ఇళ్ళు ఎవరికి, ఎక్కడ అనునది తరువాత వివాదమైనది. 2023 మే 26న ఆర్-5 మండలములో ప్రభుత్వము ఇళ్ళ పట్టాలు పంపిణీ చేయగా, 2023 ఆగస్టు 3న రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము అక్కడి నిర్మాణాలపై స్టే ఇచ్చినది.

చిన్న ఇళ్ళకు అనుమతుల సరళీకరణ

తెలంగాణ 2020లో తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టము ప్రకారము 75 గజాల లోపు స్థలములో 7 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి అనుమతి అక్కరలేదు. ఒక రూపాయి చెల్లించి నమోదు చేసుకొంటే చాలును. దీని లబ్ధి నిర్మాణదారునికి కాక నేరుగా ఇల్లు కట్టుకొనే కుటుంబమునకే చేరుతుంది.

మదనపల్లె, వాల్మీకిపురం ప్రాంతము

వాయల్పాడు అని కూడా పిలువబడే వాల్మీకిపురం ఒక మండల కేంద్రము. మదనపల్లె, పుంగనూరు పాత పురపాలక సంఘాలు కాగా, కుప్పం 2020లో పురపాలక సంఘమైనది. 2019లో పలమనేరు–కుప్పం–మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో వాల్మీకిపురం, మదనపల్లె కొత్త అన్నమయ్య జిల్లాలో చేరగా, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలో ఉండిపోయినవి.

ఈ ఊళ్ళలో సామాన్య కుటుంబము సాధారణముగా ఫ్లాటు కొనదు. వెంచరులో జాగా కొని, డబ్బు చేతికి వచ్చినప్పుడల్లా కొంత కొంత కట్టుకొంటుంది. కనుక ఇక్కడ ప్రశ్న అంతస్తులది కాదు, జాగా ధరది. అనుమతి పొందిన లేఅవుటులో రోడ్లకు పోను 10 శాతము ఖాళీ స్థలము ప్రజల కొరకు వదలవలెను. కాలువలు, రోడ్లు వేయవలెను. అనుమతి లేని వెంచరులో ఈ ఖర్చు ఉండదు కనుక జాగా చౌకగా కనిపిస్తుంది.

తరువాత ప్రభుత్వాలు 2007 డిసెంబరు 31 నాటి జీ.ఓ. 902 ద్వారా, మరల 2020లో, ఇటువంటి లేఅవుట్లను క్రమబద్ధీకరించుటకు అవకాశము ఇచ్చినవి. 2020 నిబంధనలలో, ఖాళీ స్థలము వదలని లేఅవుటులోని జాగా విలువలో 14 శాతమును అందుకు బదులుగా కట్టవలెనని ఉన్నది. ఈ సొమ్మును చాలా చోట్ల చెల్లించేది లేఅవుటు వేసినవారు కాదు, జాగా కొన్న కుటుంబమే. నియమము పాటించని వారికే ఖర్చు తక్కువైనప్పుడు, నియమము పాటించేవారికి ఇచ్చే ప్రోత్సాహకము ఎవరినీ ఆకర్షించదు.

ప్రభుత్వము కూడా ఈ ప్రాంతములో ఇళ్ళ కన్నా జాగాల మీదనే ఎక్కువగా ఆధారపడినది. 2020 డిసెంబరు 25న రాష్ట్రవ్యాప్తముగా ప్రారంభమైన ఇళ్ళ స్థలాల పథకములో పట్టణాలలో 1 సెంటు, గ్రామాలలో 1.5 సెంట్లు ఇచ్చినారు. సెంటు అనగా 48.4 గజాలు. 2022 జనవరి 11న మధ్యతరగతి కొరకు ప్రారంభించిన జగనన్న స్మార్ట్ టౌన్‌షిప్‌ల తొలి దశలో పొరుగున ఉన్న రాయచోటి ఒకటి. వాటిలో జాగాలు 150, 200, 240 గజాలు. ఇవి ప్రభుత్వ లేఅవుట్లే కాని నిర్మాణదారులకు ఇచ్చిన ప్రోత్సాహకాలు కావు.

విమర్శలు

* ఎవరికి అందుబాటు: పన్ను రాయితీకి ధర పరిమితి 45 లక్షలు. బలహీన వర్గముగా గుర్తించుటకు వార్షికాదాయ పరిమితి 3 లక్షలు. అనగా ఆ కుటుంబము తిండికి కూడా ఖర్చు పెట్టక 15 ఏళ్ళు కూడబెడితే గాని ఆ ఇల్లు రాదు. రాయితీ పొందిన ప్రతి ఇల్లూ పేదల ఇల్లు కాదు.
* వృత్తికి తగిన ఇల్లు: మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె పట్టు నేతకు పేరుపొందినది. గుంట మగ్గము నేల మీదనే ఉండవలెను. మూడవ అంతస్తులోని 30 చదరపు మీటర్ల ఇంటిలో నేతగాని జీవనాధారమునకు చోటు ఉండదు.
* దూరము: భూమి చౌకగా దొరికే చోట కట్టిన ఇల్లు పనికి దూరమవుతుంది. మిగిలిన డబ్బు ఆటో చార్జీలకు పోతుంది.
* కాలపరిమితి: తక్కువ ధరకు ఇచ్చిన ఇంటిని వెంటనే తిరిగి అమ్ముకొనే వీలుంటే, అది కొద్ది కాలములోనే బజారు ధరకు చేరుతుంది.

చిన్న పట్టణాలకు తగిన ప్రోత్సాహకాలు

ఎఫ్.ఎస్.ఐ. పరిమితి లేని, ఎత్తైన భవనాలకు గిరాకీ లేని ఊళ్ళలో అదనపు విస్తీర్ణము కన్నా ఇతర ప్రోత్సాహకాలే పనిచేయు అవకాశము కలదు. చిన్న జాగాలకు కొంత వాటా కేటాయించిన లేఅవుటుకు అభివృద్ధి రుసుము తగ్గించుట, దాని వరకు నీటి గొట్టము, రోడ్డు పురపాలక సంఘమే వేయుట, గడువులోగా అనుమతి ఇచ్చుట అటువంటివి. అయితే వీటన్నిటికీ ముందు అనుమతి లేని వెంచర్లను ఆరంభములోనే ఆపవలెను. ఆ పని జరగనంత కాలము క్రమబద్ధీకరణ పథకమే నిర్మాణదారులకు లభించే పెద్ద ప్రోత్సాహకముగా మిగులుతుంది. దాని ఖర్చును జాగా కొన్న కుటుంబాలు భరిస్తాయి.